రూట్ కెనాల్ చికిత్సలో పంటి వేరు లోపల కడగడానికి సిరంజి ఒక్కటే చాలా, అల్ట్రాసోనిక్ (ద్రవాన్ని కంపనాలతో కదిలించే మిషన్) కూడా ఉండాలా?

ఎండో_పీజీ:
హైపోక్లోరైట్‌ను (క్రిములను చంపే ద్రవం) సైడ్ వెంట్ సూదితో, అంటే పక్కన రంధ్రం ఉన్న సూదితో, నిదానంగా పోస్తే కెనాల్ (వేరులోని సన్నటి గొట్టం) శుభ్రమైపోతుందని మా సీనియర్లు అంటారు. నేను ఒప్పుకోను. సూది కొన దాటాక ద్రవం మహా అయితే ఒకటి రెండు మిల్లీమీటర్లు పోతుంది, అపెక్స్ (వేరు కొన) దగ్గర గాలి బుడగ ఇరుక్కుంటే అదీ లేదు. కెనాల్ గీకే ఫైళ్లు ఎంత తిప్పినా మూడో వంతు గోడల్ని ముట్టుకోనే ముట్టుకోవని మైక్రో సీటీ స్కాన్లలో తేలింది కదా, మరి అక్కడి బయోఫిల్మ్ (క్రిముల పొర) సంగతేంటి?

పాత_సిరంజి:
2013లో ఒంటివేరు పళ్ల మీద రాండమైజ్డ్ ట్రయల్ (పేషెంట్లను చీటీ వేసినట్టు గుంపులు చేసి పోల్చే పరిశోధన) వచ్చింది, చూడండి. వేరు కొన దగ్గరి గాయం మానడంలో సిరంజికీ అల్ట్రాసోనిక్‌కీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పీకిన పన్ను మీద ల్యాబ్‌లో వచ్చే ఫలితాన్ని పేషెంట్ నోటికి అంటగట్టకండి. అసలు గొడవ ఎక్కడంటే, రబ్బర్ డ్యామ్ (పంటికి ఉమ్మి తగలకుండా వేసే రబ్బరు తెర) పెట్టకుండా, ఎప్పుడో తెరిచి శక్తి పోయిన హైపోని రెండు సిరంజిలు కొట్టి, చివర్లో 17 శాతం ఈడీటీఏ (గోడల మీది పొడి పొరను తీసే ద్రవం) కూడా వాడకుండా కోన్ (కెనాల్ నింపే పుల్ల) పెట్టేస్తున్నారు. వీళ్లకి మిషన్ ఇస్తే ఏం మారుతుంది?

ఎండో_పీజీ:
ఆ మాటకి అడ్డు చెప్పను, కానీ మీరు చూపించింది ఒంటివేరు పళ్ల ట్రయల్ సార్. కింది మోలార్ (నమిలే పెద్ద పన్ను) మీసియల్ వేరు, అంటే ముందువైపు వేరు తీసుకోండి, రెండు కెనాల్స్ మధ్య సన్నటి చీలిక, అందులో ఫైలే నెట్టిన పొడి కూరుకుపోయి ఉంటుంది. సిరంజితో కడిగి, తిరిగొచ్చే ద్రవం తేటగా ఉందనుకున్నాక అల్ట్రాసోనిక్ టిప్ దింపి 20 సెకన్లు ఆడించండి, మళ్లీ మబ్బుగా పైకొస్తుంది. దాన్ని లోపలే వదిలేసి సీల్ చేయడం నాకు మనసొప్పదు.

నెమ్మది_చెయ్యి:
టిప్ గోడకి తగలకూడదని కూడా రాయండి, తగిలితే ప్రవాహం చచ్చిపోతుంది, వంకర కెనాల్‌లో గోడ మీద గాటు పడుతుంది. మిషన్ లేనివాళ్లు సరిపోయే జీపీ (గట్టా పెర్చా) కోన్‌ని రెండు మిల్లీమీటర్ల మేర పైకీ కిందికీ ఆడించినా గాలి బుడగ పోతుంది. అపెక్స్ తెరుచుకుని ఉన్న పన్నుకైతే నెగటివ్ ప్రెషరే (ద్రవాన్ని నెట్టకుండా పీల్చే పద్ధతి) మేలు, హైపో బయటికి పోయిందంటే ఆ మంట, వాపు భరించలేరు.

పాత_సిరంజి:
మోలార్ చీలికలకు, సీ ఆకారపు కెనాల్స్‌కు యాక్టివేషన్ (ద్రవాన్ని ఇలా ఆడించడం) ఉండాల్సిందే, సరే. ముందు పళ్లకు కూడా తప్పనిసరి అంటే మాత్రం ట్రయల్ చూపించండి.