బోర్డు ఆర్డర్‌తో లోగో కూడా గీయమంటే ఎంత వెయ్యాలి?

రంగులబోర్డు, ద్వారకానగర్:
ఎంవీపీ కాలనీలో కొత్తగా పెట్టే టిఫిన్ సెంటర్‌కి 10×3 అడుగుల ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) బోర్డు, లైటింగ్ అక్షరాలతో ఆర్డర్ వచ్చింది. పేరు తప్ప పార్టీ దగ్గర ఇంకేం లేదు. లోగో కూడా మమ్మల్నే గీయమని, "అది బోర్డులోనే కలిపేయండి" అంటున్నారు. పార్సిల్ కవర్లకీ అదే వాడతారట. విడిగా ఎంత వెయ్యడం న్యాయం? సీడీఆర్ ఫైల్ (కోరెల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో గీసిన అసలు ఫైల్) అడిగితే ఇవ్వాలా?

ప్లాటర్_గాజువాక:
కలపొద్దండి. బోర్డుది చదరపు అడుగుల లెక్క. 30 అడుగుల బోర్డుకైనా 100 అడుగుల బోర్డుకైనా లోగో గీయడానికి పట్టే టైం ఒక్కటే. కలిపితే చిన్న ఆర్డర్‌లో మీకు నష్టం, పెద్ద ఆర్డర్‌లో పార్టీకి అన్యాయం. ఉన్న లోగోని బోర్డు సైజుకి సెట్ చెయ్యడం మాత్రం బోర్డు రేటులోదే, దానికి డిజైన్ ఛార్జి వెయ్యకూడదు. వాట్సాప్‌లో మసక జేపీజీ పంపితే ట్రేసింగ్‌కి, అంటే దాని మీద మళ్లీ నీట్‌గా గీయడానికి, గంటల లెక్కన తీసుకోండి.

గంట రేటు ఇలా కట్టాలి. డిజైనర్ జీతం 22,000, అద్దె, కరెంటులో వాటా 6,000, సిస్టమ్, సాఫ్ట్‌వేర్ 2,000 అనుకుంటే నెలకి 30,000. నెలలో 200 గంటలున్నా బిల్లు వేయగలిగేవి 120 అనుకోండి, మిగతావి ఫోన్లకి, కొటేషన్లకి పోతాయి. అంటే గంటకి ఖర్చే 250, లాభంతో 350. పార్టీతో మాటలకి 1 గంట, స్కెచ్‌లకి 5, కోరెల్‌లో గీతకి 6, మార్పులకి 3, ఫైళ్లకి 1. మొత్తం 16 గంటలు, 5,600. మీ జీతాలు, అద్దెలు వేసుకుని చూడండి.

సగం అడ్వాన్స్ పడ్డాకే పెన్సిల్ పట్టండి. రెండు విడతల మార్పులు రేటులోవి, మూడోది గంటల లెక్క అని కొటేషన్‌లోనే రాయాలి. ఇది రాయకపోతే పార్టీ బంధువులందరూ తలో రంగు చెప్తారు.

ఒత్తులు_దీర్ఘాలు:
తెలుగు పేరైతే గంటలు ఇంకా పెంచాలి. పైన గుడి, కింద ఒత్తు వస్తే ఆ 3 అడుగుల్లో అసలు అక్షరానికి మిగిలేది చాలా తక్కువ. ఒత్తు గీత అంగుళం కన్నా సన్నబడితే మామూలు ఎల్‌ఈడీ మాడ్యూల్ లోపల పట్టదు. రాత్రి ఒత్తు వెలగక పేరే మారిపోతుంది. ఓకే చేయించుకునే ముందు ఒక అక్షరం అసలు సైజులో, మొత్తం లోగో స్టాంపు సైజులో ప్రింట్ తీసి చూపించండి.

ఫాంట్ లైసెన్స్ కూడా చూసుకోవాలి. రామభద్ర, ఎన్టీఆర్, మండలి అనే ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌వి, వ్యాపారానికి వాడొచ్చు. అను ఫాంట్లతో చేస్తే కర్వ్స్ చేసే (అక్షరాలని గీతల బొమ్మగా మార్చే) ఇవ్వండి, లేకపోతే ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో పేరు గజిబిజిగా వస్తుంది.

కొటేషన్_క్లియర్:
ఫైల్ గురించి: కాపీరైట్ చట్టం, 1957 సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లకే, ప్రాంతం రాయకపోతే ఇండియాకే అని లెక్క. అందుకే "పూర్తి డబ్బు అందాక హక్కులన్నీ శాశ్వతంగా, అన్ని ప్రాంతాలకీ పార్టీవి" అని రాసి సీడీఆర్, పీడీఎఫ్, పీఎన్‌జీ మూడూ ఇచ్చేయండి. బయటి ఫ్రీలాన్సర్‌తో గీయిస్తే ముందు వాళ్ల దగ్గర మీరు రాయించుకోవాలి.

రంగులబోర్డు:
పక్క షాపు డిజైన్ ఫ్రీ అంటే?

ప్లాటర్_గాజువాక:
లోగోకి 5,600 పూర్తిగా చూపించి, తగ్గించాలనుకుంటే బోర్డు లైన్‌లో తగ్గించండి. బోర్డు పని వేరే షాపుకి పోయినా లోగో డబ్బు మీకు రావాలి.