మ్యూనిక్ నుంచి హెల్సింకీకి రెండు కుక్కలతో: ముప్పై గంటల ఓడా, మూడు రోజుల రోడ్డా?

ఇసార్_ఒడ్డు:
జూలై చివర్లో మ్యూనిక్ నుంచి హెల్సింకీకి ఇల్లు మారుతున్నాం. కుక్కలు రెండు. ఒకటి 30 కేజీల లాబ్రడార్, ఇక్కడే పుట్టింది, ఈయూ (యూరోపియన్ యూనియన్) పెంపుడు జంతువుల పాస్‌పోర్టు ఉంది. రెండోది 12 కేజీల ఊరకుక్క. మే నెలలో హైదరాబాద్ నుంచి వచ్చింది, దానికి ఇండియాలో ఇచ్చిన హెల్త్ సర్టిఫికెట్ ఒక్కటే ఆధారం. విమానం వద్దనుకున్నాం. సొంత కారు ఉంది. ఉత్తర జర్మనీ రేవు ట్రావెముండెలో ఓడ ఎక్కి నేరుగా హెల్సింకీలో దిగాలా, లేక పోలండ్, లిథువేనియా, లాట్వియా మీదుగా ఎస్టోనియాలోని టాలిన్ దాకా నడపాలా? కుక్కలకి ఏది తేలికో చెప్పండి.

రేవుదారి:
ఓడే అండి. మ్యూనిక్ నుంచి ట్రావెముండె సుమారు 850 కిలోమీటర్లు, దారిలో ఒక రాత్రి ఆగితే చాలు. తర్వాత దాదాపు 30 గంటలు కుక్కలు మీతోపాటే కేబిన్‌లో ఉంటాయి. టాలిన్ దారి ఎంత లేదన్నా 1,950 కిలోమీటర్లు. జూలైలో పోలండ్ ఎండ 30 డిగ్రీలు దాటడం మామూలే. అంతసేపు కారులో కట్టేసి కూర్చోబెట్టడం కంటే ఓడ నయం.

ఒక్క షరతు. కుక్కల్ని అనుమతించే కేబిన్లు ఓడలో కొన్నే ఉంటాయి, వేసవిలో ముందుగా అయిపోయేవి అవే. మామూలు కేబిన్ బుక్ చేసి, కుక్క సంగతి రేవులో మాట్లాడుకుందాం అంటే కుదరదు. కారులో వదిలేద్దామన్నా ఓడ కదిలాక కారు డెక్‌కి తలుపులు మూసేస్తారు.

బాల్టిక్_బాట:
రేవుదారి గారూ, అసలు ఇబ్బందిని మీరు దాటేశారు. ఒంటేలు. గడ్డి మీద తప్ప పోయడం అలవాటు లేని కుక్కను ఇనుప డెక్ మీద నిలబెడితే బిగబట్టుకుంటుంది. ఇంజిన్ అదురు, గాలి, పక్కన తెలియని కుక్కలు. పన్నెండు గంటలు పెద్ద కుక్కకి ఫరవాలేదు. ఇరవై నాలుగు దాటితే అది హింస.

రోడ్డు మీద ప్రతి రెండు గంటలకీ గడ్డి దొరుకుతుంది. మొదటి రోజు వార్సా, సుమారు వెయ్యి కిలోమీటర్లు. బరువనిపిస్తే వ్రోత్స్వాఫ్‌లో ఆగండి. రెండో రోజు లిథువేనియాలోని కౌనస్. పోలండ్ వైపు ఎస్61 ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద నడపడం హాయిగా ఉంటుంది. లాట్వియాలో మాత్రం చాలా దూరం రెండు వరసల రోడ్డే, ముందు లారీలుంటే వాటి వేగమే మీ వేగం. ఆ రోజు దూరం తక్కువ పెట్టుకోండి. టాలిన్ నుంచి హెల్సింకీ రెండు, రెండున్నర గంటల ఓడ. ఏ కుక్కయినా తట్టుకుంటుంది.

పశువుల_డాక్టర్:
దారి సంగతి తర్వాత. ముందు కాగితాలు, ముఖ్యంగా ఊరకుక్కవి. ఈయూ బయటి దేశం నుంచి తెచ్చిన హెల్త్ సర్టిఫికెట్ ఈయూ లోపల తిరగడానికి కొన్ని నెలలే చెల్లుతుంది. ఆలోపు రేబిస్ టీకా గడువు తీరితే అక్కడితో ఆఖరు. మే నెలలో వచ్చిందంటే జూలైకి ఇంకా చెల్లుతుంది, కానీ దాని మీద ఆధారపడి బయల్దేరకండి. మ్యూనిక్‌లోనే పాస్‌పోర్టులిచ్చే అధికారం ఉన్న వెటర్నరీ డాక్టర్ దగ్గర చర్మం కింది మైక్రోచిప్ చదివించి ఈయూ పాస్‌పోర్టు రాయించుకోండి. చిప్ నంబరులోని 15 అంకెలూ సర్టిఫికెట్‌తో సరిపోవాలి. చిప్ వేసిన తేదీ రేబిస్ టీకా కంటే ముందుదో, అదే రోజుదో అయి ఉండాలి. చిప్ కంటే ముందు వేసిన టీకా లెక్కలోకి రాదు.

లాబ్రడార్ పాస్‌పోర్టులో టీకా గడువు తేదీ ఈ రోజే చూడండి. బూస్టర్ ఒక్క రోజు ఆలస్యమైనా దాన్ని మొదటి టీకాగానే లెక్కిస్తారు, మళ్లీ 21 రోజులు ఆగాలి. కుక్కలతో ప్రయాణాలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఇక ఫిన్లాండ్‌కి ప్రత్యేకంగా బద్దె పురుగు మందు. ఎకినోకోకస్ మల్టీలోక్యులారిస్ అనే పురుగు జర్మనీ నక్కల్లో ఉంది, ఫిన్లాండ్‌లో లేదు. మనిషి కాలేయంలో చేరితే ఏళ్ల తర్వాత బయటపడే జబ్బు. అందుకే ఫిన్లాండ్‌లో అడుగుపెట్టడానికి 24 గంటల కంటే ముందు, 120 గంటల లోపల ప్రాజిక్వాంటెల్ ఇవ్వాలి. సాధారణ మోతాదు కేజీకి 5 మిల్లీగ్రాములు. మందు డాక్టరే ఇచ్చి తేదీతోపాటు గంట కూడా రాసి, ముద్ర వేసి, సంతకం పెట్టాలి. ఇంట్లో మీరు వేసింది చెల్లదు. ఫెన్‌బెండజోల్ అనే మరో పురుగుల మందు వేయించాం కదా అనుకోవద్దు, ఈ నియమానికి అది పనికిరాదు. మందు వేశాక కక్కితే డాక్టర్‌కి ఫోన్ చేయండి, మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు.

బాల్టిక్_బాట:
డాక్టర్ గారూ, గంటల లెక్క ఏ దారికి సురక్షితమో కూడా చెప్పండి.

పశువుల_డాక్టర్:
ఓడ ఆదివారం ఉదయం 9కి హెల్సింకీ చేరుతుందనుకుందాం. ఫిన్లాండ్ గడియారం జర్మనీ కంటే గంట ముందు, అంటే జర్మనీలో 8. మందు మంగళవారం ఉదయం 8 నుంచి శనివారం ఉదయం 8 లోపు పడాలి. గురువారం సాయంత్రం 6కి వేస్తే చేరేసరికి 62 గంటలు. ఓడ రెండు రోజులు ఆలస్యమైనా గడువు దాటదు.

టాలిన్ దారిలో శుక్రవారం బయల్దేరి సోమవారం సాయంత్రం చేరితే అదే గురువారం మందుకి దాదాపు 98 గంటలు. ఇంకా మిగిలేది ఒక రోజు కూడా కాదు. లిథువేనియాలో కారు ఆగి మెకానిక్ కోసం రెండు రోజులు కూర్చుంటే గడువు అయిపోతుంది. అప్పుడు అక్కడే డాక్టర్‌ని వెతికి మళ్లీ వేయించి, మళ్లీ 24 గంటలు ఆగాలి. రోడ్డు దారే అనుకుంటే మందు మ్యూనిక్‌లో కాక కౌనస్‌లోనో రీగాలోనో వేయించడం మేలు. ఈయూలో ఏ డాక్టరైనా రాయొచ్చు. అపాయింట్‌మెంట్ ముందే తీసుకోండి.

తప్పు దొరికితే ఈయూ నియమం ప్రకారం కుక్కను వెనక్కి పంపడం, లేదా నియమం నెరవేరేదాకా విడిగా ఉంచడం, ఖర్చు యజమానిదే.

రేవుదారి:
ఇది నా వాదనకే బలం. ఒంటేలు విషయం మాత్రం ఒప్పుకుంటాను, అది నిజమైన ఇబ్బందే. కానీ నేర్పితే తీరేది. మూడు వారాల ముందు నుంచి ఒక ప్లాస్టిక్ గడ్డి చాప మీద పోయించండి, ప్రతిసారీ ఒకే మాట అనండి. చాపను పూర్తిగా కడగకుండా ఆ వాసనతోనే ఓడలోకి తీసుకెళ్లండి. చెక్-ఇన్‌కి ముందు అరగంట నడిపించండి. గట్టు దగ్గర వాహనాల వరసలో రెండు మూడు గంటలు గడిచిపోతాయి, అది కూడా లెక్కలో వేసుకోండి.

లుండ్_వాసి:
మీరిద్దరూ రెండు దారులే అంటున్నారు. మూడోది స్వీడన్. జర్మనీలోని రోస్టాక్ నుంచి స్వీడన్‌లోని ట్రెల్లెబోర్గ్‌కి ఆరు గంటల ఓడ, అక్కడి నుంచి స్టాక్‌హోమ్‌కి సుమారు 650 కిలోమీటర్లు, స్టాక్‌హోమ్ నుంచి ఫిన్లాండ్‌లోని తుర్కుకి రాత్రి ఓడ పదకొండు గంటలు. కుక్క ఒకేసారి పన్నెండు గంటలకు మించి నీటి మీద ఉండదు. స్వీడన్ ఎండ పోలండ్ అంత ఉండదు. డబ్బు ఎక్కువవుతుంది, ఓడలు రెండు, రెండింటిలోనూ కుక్కలకి చోటుందో లేదో చూసి బుక్ చేయాలి. స్వీడన్‌లోకి కుక్కతో వచ్చేవాళ్లు అక్కడి కస్టమ్స్‌కి తెలియజేయాలి, మరిచిపోవద్దు. డెన్మార్క్ మీదుగా వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు అక్కడ 2010 నుంచి 13 జాతుల మీద నిషేధం ఉందని తెలుసుకోండి. లాబ్రడార్‌కి ఆ బెడద లేదు.

ఇసార్_ఒడ్డు:
రైలు సంగతేంటి? కారు నడిపే పని తప్పుతుంది కదా.

బాల్టిక్_బాట:
జర్మనీలో పెద్ద కుక్కకి టికెట్, గొలుసు, మూతికి చిక్కం ఉంటే రైలెక్కనిస్తారు. కష్టం ఆ తర్వాత. పోలండ్ పట్టాల వెడల్పు 1,435 మిల్లీమీటర్లు, బాల్టిక్ వైపు 1,520. అందుకని లిథువేనియా సరిహద్దు దగ్గర మొకావాలో రైలు మారాలి, తర్వాత ఇంకా మారాలి. రెండు కుక్కలు, సామాను, ఇన్ని మార్పులు. ఫ్లిక్స్‌బస్ అనే బస్సు కంపెనీ అంధులకు దారిచూపే కుక్కల వంటి సహాయ కుక్కల్ని తప్ప ఎక్కనివ్వదు. మీకు కారే.

డిక్కీ_డబ్బా:
ఏ దారైనా కారు మీదే కాబట్టి ఇది రాస్తున్నాను. జర్మనీ ట్రాఫిక్ చట్టంలో కుక్కా కదలకుండా కట్టాల్సిన సరుకు కిందికే వస్తుంది. గట్టిగా బ్రేకు పడితే 30 కేజీల కుక్క తన బరువుకి ఎన్నో రెట్ల బలంతో ముందుకు దూసుకొస్తుంది. లాబ్రడార్‌కి మీటరు పొడవుండే క్రేట్ (కుక్కల బోను) తీసుకుని డిక్కీలో వెనక సీటుకి ఆనించి, పట్టీలతో బిగించండి. లేచి నిలబడి, తిరిగి, పడుకోగలగాలి. అంతకంటే మరీ పెద్దదైతే కుదుపుల్లో దెబ్బ తగులుతుంది. ఊరకుక్కకి వెనక సీట్లో క్రాష్ పరీక్ష చేసిన హార్నెస్ (ఛాతీ పట్టీ) చాలు. మెడపట్టీకి సీటు బెల్టు కట్టకండి, మెడ విరుగుతుంది.

క్రేట్ బయల్దేరే ముందు రోజు కొని అందులో కూర్చోమంటే కూర్చోదు. నెల రోజుల ముందు తెచ్చి ఇంట్లో తలుపు తెరిచి ఉంచండి, అన్నం అందులోనే పెట్టండి.

బయల్దేరడానికి నాలుగు గంటల ముందు ఆఖరి తిండి. నీళ్లు మాత్రం ఆపకండి. లాబ్రడార్‌కి రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు కావాలి, ఎండలో ఇంకా ఎక్కువ. రోజూ తినేదే దారిలోనూ పెట్టండి. మజిలీలో జాలిపడి పెరుగన్నం కలిపి పెడితే, అలవాటు లేని కడుపుకి మర్నాడు కారులో విరేచనాలే. ఆగిన కారులో కుక్కను ఒంటరిగా వదలొద్దు. మొదటి అరగంటలోనే లోపలి వేడి చాలావరకు పెరిగిపోతుంది, అద్దం రెండు వేళ్లు దించితే తగ్గదు.

పశువుల_డాక్టర్:
కారు పడక కక్కే కుక్కకి మారోపిటెంట్ ఉంది, ప్రయాణానికి కనీసం గంట ముందు, మోతాదు డాక్టర్ చెప్పినట్టు. మత్తు మందు అడగకండి. ఎసిప్రోమజైన్‌తో కుక్క కదలదు గానీ భయం తగ్గదు, రక్తపోటు పడిపోతుంది. టాలిన్ దారి అయితే పిడుదుల గురించి తప్పక ఆలోచించండి. పోలండ్, బాల్టిక్ గడ్డిలో బబీసియా అనే రక్త పరాన్నజీవిని మోసే పిడుదులుంటాయి. మందు పట్టీ బయల్దేరడానికి కనీసం వారం ముందే మెడకి వేయండి, పూర్తిగా పనిచేయడానికి ఆ వ్యవధి కావాలి. ప్రతి మజిలీలో చెవుల వెనక, చంకల్లో, వేళ్ల సందుల్లో తడిమి చూడండి.

ఇసార్_ఒడ్డు:
డాక్టర్ గారి లెక్క చూశాక ట్రావెముండె వైపే మొగ్గుతున్నాం. ఊరకుక్క పాస్‌పోర్టుకి ఈ వారమే వెళ్తున్నాం. చాప కూడా తెప్పిస్తున్నాం. ఓడలోనూ ఊరకుక్క పోయకపోతే ఏం చేయాలి?

రేవుదారి:
లాబ్రడార్‌ని ముందు తీసుకెళ్లండి. అది పోసిన చోటికే రెండోదాన్ని వెంటనే తీసుకెళ్లి వాసన చూడనివ్వండి. రాత్రి పన్నెండు తర్వాత డెక్ మీద జనం పల్చబడతారు, అప్పుడు ప్రయత్నించండి. మర్నాడు మధ్యాహ్నానికీ పోయకపోతే కేబిన్ బాత్రూంలో చాప పరిచి తలుపు వేసి పది నిమిషాలు వదిలేయండి. హెల్సింకీలో దిగాక ముందు గడ్డి, తర్వాతే మిగతా పనులు. జర్మనీలో కుక్క పన్ను రద్దు చేయించడం, ఫిన్లాండ్‌లో 2023 నుంచి తప్పనిసరైన కుక్కల రిజిస్టర్‌లో చిప్ నంబర్లు ఎక్కించడం, ఈ రెండూ జాబితాలో రాసి పెట్టుకోండి.