రైతు కంపెనీ బోర్డులో ఒక్క మహిళ సీటు: పనికొస్తదా, సంతకం వరకేనా?

చండూరు బత్తాయి: కేంద్రం 2020లో తెచ్చిన పది వేల ఎఫ్‌పీఓల (రైతులు కలిసి పెట్టుకునే ఉత్పత్తిదారుల సంస్థల) పథకంలో ఈక్విటీ గ్రాంటు (రైతుల షేరు సొమ్ముకు తోడు సర్కారు ఇచ్చే పైసలు) రావాలంటే బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలె. మన నల్గొండ దిక్కు ఆ సీటు చైర్మన్ భార్యకో వదినెకో పోతున్నది. మీటింగుకు ఆయనే వస్తడు, మినిట్స్ బుక్కు ఇంటికి పోయి సంతకమై వస్తది. పేరుకు కూసోబెట్టుడు కన్నా ఈ షరతు ఎత్తేసుడే నయం. ఏమంటరు?

మిర్యాలగూడ లెక్కలు: ఎత్తేస్తే మిగిలేది ఏమీ లేదన్నా. 2013 కంపెనీల చట్టం 149వ సెక్షన్ మహిళా డైరెక్టర్ ఉండాలన్నది లిస్టెడ్ (షేర్ మార్కెట్ల ఉన్న) కంపెనీలకు, 100 కోట్ల మూలధనమో 300 కోట్ల టర్నోవరో ఉన్న పబ్లిక్ కంపెనీలకు. ప్రొడ్యూసర్ కంపెనీ, అంటే మన రైతు కంపెనీ, ప్రైవేట్ కంపెనీ లెక్కలోకే వస్తది, దానికిది అంటదు. మనకున్నదల్లా గ్రాంటు షరతే. రైతుకు 2,000, కంపెనీకి ఎక్కువలో ఎక్కువ 15 లక్షలు.

పెద్ద కంపెనీల్లోనూ ఇంటోళ్లనే పెట్టిన్రు. అందుకే షేర్ మార్కెట్‌ను చూసే సెబీ 2019 ఏప్రిల్ నుంచి టాప్ 500, మరుసటేడు నుంచి టాప్ 1000 కంపెనీల్లో ప్రమోటర్లతో (కంపెనీ పెట్టి నడిపేటోళ్లతో) చుట్టరికం లేని స్వతంత్ర మహిళా డైరెక్టరే ఉండాలన్నది. షరతు తీయలే, బిగించింది.

పాలమూరు పల్లి: బిగిస్తే మాత్రం మనుషులేరి? పట్టా మగాయన పేర ఉంటే ఆమెకు షేరెట్ల ఇస్తరు?

మిర్యాలగూడ లెక్కలు: చట్టంల పట్టా ఊసే లేదు. పంటో పాలో ఉత్పత్తి పనిలో ఉన్నోళ్లెవరైనా ప్రొడ్యూసరే. బర్లు సాకే ఆమె సరిపోతది, కౌలు చేసే ఆమె సరిపోతది. సభ్యత్వ ఫారంతో పాసుబుక్కు జిరాక్సు అడిగేది ఆఫీసోళ్ల అలవాటు. షేర్లెన్నున్నా మనిషికి ఒకటే ఓటు. వెయ్యి మందిల నూరు మందే ఆడోళ్లుంటే ఎన్నికల వాళ్ల మాట చెల్లదు. ముందు సభ్యత్వం పెంచాలె, సీటు తర్వాత.

దేవరకొండ ఆడిట్: అసలు ప్రమాదం ఎవరూ చెప్పట్లేదు. ఏటా ఇవ్వాల్సిన ఏఓసీ-4 (లెక్కల ఫారం), ఎంజీటీ-7 (వార్షిక రిటర్ను) మూడేండ్లు వరుసగా దాఖలు కాకపోతే కంపెనీల చట్టం 164(2) కింద బోర్డులో ఉన్న వాళ్లందరికీ 5 ఏండ్లు అనర్హత. ఆలస్యానికి ఫారానికి రోజుకు 100 రూపాయలు వేరే. మీటింగు ముఖం చూడని ఆ మహిళ కూడా అందులో ఉంటుంది.

తప్పు మొదలయ్యేది కాగితాల దగ్గరే. డిన్ (డైరెక్టర్ గుర్తింపు నంబరు) దరఖాస్తులో ఫోన్ నంబరు భర్తది, ఓటీపీ ఆయనకే పోతుంది. డిజిటల్ సంతకం టోకెన్ (పెన్‌డ్రైవ్ లాంటిది), దాని పిన్ చీటీ రెండూ కన్సల్టెంటు సొరుగులో. అంటే ఆమె పేరు మీద ఏం దాఖలైందో ఆమెకే తెలియదు. ముందు ఫోన్, మెయిల్ ఆమెవి పెట్టాలి, టోకెన్ ఆమె చేతికి రావాలి. చట్టం ప్రకారం మీటింగు నోటీసు 7 రోజుల ముందు ఇవ్వాలి. దాన్ని తెలుగులో రాసి బ్యాంకు స్టేట్‌మెంటు, కొనుగోలు రేట్ల పట్టిక జత చెయ్యండి. ఇవి లేకుండా కూర్చుంటే ఎవరైనా తలూపుడే, మగవాళ్లైనా సరే.

ఇంకోటి కోరం, అంటే మీటింగు చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు. 15 మంది బోర్డుకు మూడో వంతు, అంటే 5 మంది చాలు. ఒక్క మహిళ రాకున్నా పని ఆగదు కాబట్టి ఎవరూ ఎదురుచూడరు. ఆర్టికల్స్‌లో (కంపెనీ నియమావళిలో) మహిళలకు రెండు సీట్లు, కొనుగోలు కమిటీలో ఒక మహిళ అని రాయించండి. దాన్ని ఎన్నికైన డైరెక్టర్లలో మూడింట రెండొంతులో, సభ్యుల్లో మూడో వంతో ప్రతిపాదించాలి, సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానం గెలవాలి.

చండూరు బత్తాయి: టోకెన్ మాట ఒప్పుకుంట. రెండో సీటు మాత్రం కష్టం. అప్పు దగ్గరకొస్తే బ్యాంకు డైరెక్టర్ల సొంత గ్యారంటీ అడుగుతది. ఆమె పేర ఆస్తి లేదు, ఇంట్ల ఒప్పుకోరు.

దేవరకొండ ఆడిట్: అదే పథకంలో క్రెడిట్ గ్యారంటీ ఉంది, అంటే అప్పు తిరిగి రాకపోతే బ్యాంకుకు భరోసా. కోటి వరకు అప్పుకు 85 శాతం, ఆపైన 2 కోట్ల దాకా 75 శాతం కవర్. దాని కింద అప్పు ఇవ్వమని ముందే రాతపూర్వకంగా అడగండి. మేనేజరు సొంత గ్యారంటీ ఉన్న మామూలు ఫారం ముందు పెట్టి సంతకం చెయ్యమంటే అక్కడే ఆగండి.