వెనిస్‌కి 12 మంది, 2 రోజులు: పడవ పాసా, విడి టికెట్లా?

ప్రశ్న: మాలో నలుగురు వయసు మళ్లినవాళ్లు. వాపొరెట్టోకి (బస్సులా రేవు రేవునా ఆగే పడవ) పాస్ తీసుకోవాలా? అందరికీ కలిపి గొండోలా (తెడ్డుతో నడిపే సన్నని పడవ) ఎంతవుతుంది?

జవాబు 1: విడి టికెట్ 75 నిమిషాలకు 9.50 యూరోలు, 48 గంటల పాస్ 35. నాలుగుసార్లు ఎక్కితే పాసే చవక. ఎక్కే ప్రతిసారీ పాస్‌ని రేవులో ఉండే మిషన్‌కి ఆనించండి. జేబులో పాస్ ఉన్నా ఆనించకపోతే జరిమానా పడొచ్చు.

జవాబు 2: గొండోలా రేటు మనిషికి కాదండీ, పడవకి. ఐదుగురికి మించి ఎక్కించుకోరు. పగలు 30 నిమిషాలకు 90 యూరోలు, రాత్రి 7 దాటాక 35 నిమిషాలకు 110. మీకు మూడు పడవలు, అంటే పగలైతే 270. అంత దండగనుకుంటే రియాల్టో చేపల మార్కెట్ దగ్గర త్రాగెట్టో ఎక్కండి. ఊరి మధ్య పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్‌ని దాటించే పెద్ద గొండోలా అది, మనిషికి 2 యూరోలు. కూర్చునేలోపే అవతలి ఒడ్డు వచ్చేస్తుంది, అది వేరే సంగతి.

జవాబు 3: అసలు ఇబ్బంది సామానుతో. వంతెనలు దాదాపు అన్నిటికీ మెట్లే, చక్రాల సూట్‌కేసు కూడా మోయాల్సిందే. హోటల్ బుక్ చేసేముందు రేవు నుంచి ఎన్ని వంతెనలు దాటాలో అడగండి. రైల్వే స్టేషన్ బయటే 1వ నంబర్ వాపొరెట్టో దొరుకుతుంది. నెమ్మదే, కానీ గ్రాండ్ కెనాల్ పొడవునా ఆగుతూ వెళ్తుంది. పెద్దవాళ్లకి అదే నయం.