‘హోయారే హో’: కేకా, ఏడుపా?

కొర్రచేను: జపాన్ దర్శకుడు మిజొగుచి సినిమా ‘సన్షో’ మళ్ళీ చూశాను. అంజు, జుషియో అనే అక్కాతమ్ముళ్ళని సన్షో అనే దొరకి బానిసలుగా, వాళ్ళ తల్లిని సాదో దీవికి అమ్మేసే కథ అది. అప్పట్నుంచి దానికి మూలమైన మోరి ఓగై కథ చివర్లో గుడ్డిదైపోయిన ఆ తల్లి పాడే పాట వదలడం లేదు. “అంజు కొయిషియా, హోయారే హో. జుషియో కొయిషియా, హోయారే హో.” ఆ తర్వాత పిట్టల మీద ఒక మాటుంది, నోటికి రావట్లేదు. ఎవరైనా అందుకుంటారా?

పాతప్రతి: “తోరి మొ షో అరు మొనొ నరెబా, తో తో నిగేయో, ఒవజు తొమొ.” పిట్టలారా, మీవీ ప్రాణాలేగా, తరమకున్నా త్వరగా పారిపొండి అని. ఇక హోయారే అంటారా, అది పిట్టల్ని తోలే కేక. చాప మీద కొర్రలు ఎండబోసి, పొడవాటి గెడ పట్టుకుని కూర్చుంది కదా ఆవిడ. మన మంచె మీద వడిసెల తిప్పుతూ అరిచే ‘హోయ్’ లాంటిదే.

నిఘంటుపురుగు: కేకైతే పిట్టలున్న పాదంలో ఉండాలి కదండీ? అక్కడ లేదు. పిల్లల పేర్ల పక్కనే ఉంది. నన్నడిగితే ఏడుపు రాగమే.

పాతప్రతి: రోజంతా అదే కేక వేసే మనిషికి ఏడుపు కూడా ఆ కేకలోంచే వస్తుంది. ఓగై గొప్పతనం అదే.

మూడోవరస: మీరిద్దరూ ‘కొయిషి’ని, అంటే దూరమైనవాళ్ళ కోసం తపించడాన్ని, వదిలేశారు. ప్రియుడి మీదా అదే మాట వాడతారు. తెలుగులో ‘వలపు’ అన్నామా, కథ మునిగినట్టే.

కొర్రచేను: ‘బెంగ’ ఉండగా వలపెందుకండీ! “అంజూ మీద బెంగ” అంటే చాలు.

రీలుడబ్బా: పేర్ల వరస చూడండి. 1915 నాటి కథలో అంజు అక్క, అందుకే ముందు ఆమె పేరు. 1954 సినిమాలో జుషియోని అన్న చేశారు. ఇంకో సంగతి. కథలో ఈ పాట చివర్లోనే వస్తుంది, అంజు వినదు. సినిమాలో సాదో నుంచి కొత్తగా వచ్చిన పిల్ల పాడితే అంజు వింటుంది. అమ్మ బతికుందని అలా తెలుస్తుంది. ఓగైకి తట్టనిది అది.

నిఘంటుపురుగు: తట్టలేదంటే ఒప్పుకోను. ఆయన వద్దనుకున్నవి చాలా ఉన్నాయి. ఈ కథకి మూలమైన పాత సెక్క్యో (బౌద్ధ కథాగానం) గాథలో సన్షో మెడని వెదురు రంపంతో కోయిస్తారు, ఓగై తీసేశాడు. బానిసలకి కూలి ఇచ్చాక సన్షో ఇల్లు ఇంకా వర్ధిల్లిందని రాశాడు! సినిమాలో దాన్ని తగలబెట్టారు.

రీలుడబ్బా: సినిమాలో తల్లికి చూపు కూడా ఇవ్వలేదు. కథలో జుషియో రక్షామూర్తిని తన నుదుటికి ఆనించగానే, ఎండిన గుల్ల నీళ్ళలో నానినట్టు రెండు కళ్ళూ తడిసి చూపొస్తుంది. సినిమాలో ఆ తల్లి చేత్తో తడిమి పోల్చుకుంటుంది, అంతే. నా ఓటు సినిమాకే.

మూడోవరస: ఎండిన గుల్ల ఉపమానానికి నా ఓటు. అంత పొడి మాట ఇంకెవరు రాస్తారు?

పాతప్రతి: సాదో అంటే ముందు గుర్తొచ్చేది హైకూ కవి బషో. “అరఉమి యా, సాదొ ని యొకొతౌ, అమనొగవ.” అల్లకల్లోల సముద్రం, సాదో వైపు అడ్డంగా పాలపుంత. 1689 ప్రయాణంలోది. ఈ గుంపులో ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యం.

నిఘంటుపురుగు: ఎత్తారు కనక అడుగుతున్నా, ‘యొకొతౌ’ సకర్మకం కదా మాస్టారూ? పాలపుంత తనంతట తను పరుచుకుందా, దాన్నెవరైనా పరిచారా?

పాతప్రతి: బషోకి వ్యాకరణం నేర్పుతారా!

కొర్రచేను: హోయారే సంగతి…

నిఘంటుపురుగు: ఉండండి, ముందు ఇది తేలనివ్వండి.