ఈ వారం సమస్య: సింహమును జూచి యెలుకలు చిందులాడె

నిర్వాహకుడు:
అందరికీ నమస్కారం. ఈసారి తేటగీతి పాదం ఇస్తున్నాను. దీన్ని చివరి పాదంగా ఉంచి, పైన మూడు పాదాలు మీరు రాసి అర్థం కుదర్చాలి. అదే పూరణ.

"సింహమును జూచి యెలుకలు చిందులాడె"

దీని వెనక కథ ఉంది. మన 'వేపచెట్టు' గారింటికి ఒక చారల పిల్లికూన చేరింది. పేరు దగ్గర ఇల్లంతా పంచాయితీ. అబ్బాయి ఆస్కార్ అంటాడట, అత్తగారు లక్ష్మి అంటారట, ఇంటాయన ఎటూ మొగ్గకుండా "ఏయ్ పిల్లీ" అని కాలక్షేపం చేస్తున్నారట. కూన మాత్రం ఎవరు డబ్బా మూత తీస్తే వాళ్ల దగ్గరికి పోతోంది.

అందుకని ఒక షరతు. పూరణలో పెంపుడు జంతువు పేరు సంగతి రావాలి. పిల్లికి సింహమని పేరు తగిలించి చేతులు దులుపుకుంటే కుదరదు. ఆ పేరెలా వచ్చిందో పద్యమే చెప్పాలి. "కలలో కనబడె", "నాటకమున జూచితి" అన్న పూరణలు దయచేసి వద్దు. ఆ తాళంచెవికి తెరుచుకోని తాళం లేదు.

కొత్తవారి కోసం: పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు (గణమంటే లఘుగురువుల చిన్న గుంపు). నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి మైత్రి (ధ్వనిలో పొత్తు) కుదరాలి. ప్రాసనియమం (పాదాలన్నిటా రెండో అక్షరం ఒకటే కావడం) లేదు. సమస్యాపాదంలో యతి "సిం - చిం".

తెలుగోడు, డాలస్:
మాస్టారూ, ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా అని.

పిల్లి నొక్కటి పెంచితి ప్రేమతోడ
దాని పేరేమొ సింహమౌ దలచి చూడ
మూడుపూటల మెక్కుచు ముడుచుకొనును
సింహమును జూచి యెలుకలు చిందులాడె.

నిర్వాహకుడు:
గణాలు, యతులు అన్నీ సరిగ్గా పడ్డాయి. మూడో పాదం చక్కగా ఉంది, పిల్లిని చూసినవాళ్లు రాసిన పాదం. ఇబ్బందల్లా రెండో పాదంతోనే. "దలచి చూడ" అన్నది గణాలు నింపడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. ఏం తలచి చూడాలి? షరతు అడిగింది సరిగ్గా అక్కడే. ఆ పాదాన్ని ఇలా మార్చి చూడండి:

గురక విని సింహమను పేరు కుదిరె నింట

ఇప్పుడు పేరుకూ కారణం దొరికింది, ఎలుకల ధైర్యానికీ కారణం దొరికింది. గురక వినబడుతోందంటే కాపలా లేనట్టే.

తెలుగోడు, డాలస్:
ధన్యవాదాలు మాస్టారూ, ఆ పాదం ముందు నాది వెలవెలపోయింది. సవరించుకున్నాను. పేర్ల మాట వచ్చింది కాబట్టి మా ఇంటి సంగతీ చెబుతాను. మా కుక్క పేరు పులిహోర. పసుపు ఒళ్లు, అక్కడక్కడా ఎండుమిరపకాయ రంగు మచ్చలు. ఇక్కడ పశువైద్యుడి దగ్గర జంతువు పేరు పక్కన మన ఇంటిపేరు చేర్చి పిలుస్తారు. వెయిటింగ్ హాల్లో ఆ అమ్మాయి కార్డు చూసి, గొంతు సవరించుకుని, కళ్లజోడు సర్దుకుని, చివరికి "పూలీ?" అంటుంది. కుక్క లేవదు, నేను లేస్తాను.

మూసీగట్టు:
మా దిక్కు పిల్లికి పేరు పెట్టుడు తక్కువేనండి. కుక్కకు పెడ్తరు, ఎడ్లకు పెడ్తరు. రాముడు, లక్ష్మణుడు అని జత ఎడ్లుంటే ఒకటి అమ్మినా రెండోదాని పేరు పిలిచినప్పుడల్లా అమ్మినదే యాదికొస్తది. నా పూరణ:

జూలు వోలెను మెడచుట్టు జుట్టు గలది
పాప "సింహమా" యని పిల్వ బరుగుపరుగు
న చని పాలపై వ్రాలిన నాటనుండి
సింహమును జూచి యెలుకలు చిందులాడె.

ఛందోభటుడు:
పూరణ బాగుంది గానీ, ఇది పిల్లి అని పద్యంలో ఎక్కడుంది? జూలులాంటి జుట్టు, పాలు, పాప. కుక్కపిల్ల కూడా పాలు తాగుతుంది. కర్త లేని వాక్యం.

మూసీగట్టు:
కావాలనే వదిలిపెట్టిన. కర్త "గలది" అన్న మాటలోనే ఉన్నది. ఎలుకలు సంబరపడ్తున్నయంటే అక్కడున్నది వాటిని పట్టాల్సిన జంతువే కద. పిల్లి అని రాస్తే నాలుగో పాదానికి పనేముంటది?

నిర్వాహకుడు:
ఈ తగువులో నేను మూసీగట్టు గారి వైపు. సమస్య చివరి పాదం దాకా దాచాల్సింది దాచడం పూరణకు బలం. పైగా పేరు పెట్టింది పాప. పిల్లలు పేరు పెట్టేటప్పుడు జంతువుని చూసి పెడతారు, పెద్దవాళ్లు తమ సరదా చూసుకుని పెడతారు. మెడ చుట్టూ జుట్టు చూసి సింహమన్నది, అంతే. ఆ పేరు అతికినట్టు అతకడం, పాలగిన్నె దగ్గర అదే పేరు నవ్వులపాలు కావడం, రెండూ నాలుగు పాదాల్లో ఇమిడాయి. "పరుగుపరుగు / న" అని పాదం చివర విరిచిన తీరులో కూడా ఆ తొందర వినిపిస్తోంది. ఈ వారం వచ్చినవాటిలో ఇప్పటికి ఇదే నాకు మిన్న.

కొత్త కలం:
గురువులకు నమస్సులు. ఇది నా మొదటి పూరణ. తప్పులుంటే మన్నించి దిద్దగలరు.

కొండముచ్చుకు భయపడు కుక్క యొకటి
ఎలుక జూచిన మంచము నెక్కు, దాని
పేరె సింహమ్ము! వింతగు పిలుపు వినుచు
సింహమును జూచి యెలుకలు చిందులాడె.

కృష్ణలంక:
రెండో పాదంలో యతి ఎక్కడండీ? "ఎ"కి "నె" ఎలా సరిపోతుంది?

నిర్వాహకుడు:
సరిపోతుంది. "మంచమును + ఎక్కు". సంధిలో దాగిన అచ్చు "ఎ", దానికి పాదం మొదటి "ఎ"తో మైత్రి. కొత్త కలం గారూ, మీరు తెలిసి వేశారో, చెవి వేయించిందో గానీ యతి నిక్షేపంగా ఉంది. దిద్దాల్సింది మరోటి. మొదటి పాదం "యొకటి" అని ముగిసి రెండో పాదం "ఎలుక" అని అచ్చుతో మొదలైంది. అది విసంధి, అంటే సంధి కలపాల్సిన చోట కలపకపోవడం. "యెలుక" అనండి, అంతే.

మంచమెక్కే కుక్క నవ్వించింది. మన ఊళ్లలో టైగర్ అని పిలిపించుకునే కుక్కల్లో సగానికి పైగా దీపావళి రాత్రి మంచం కిందే గడుపుతాయి. ఆ పేర్లు మనం ఆశపడి పెట్టుకున్నవి. అయితే షరతు ఒకటుంది కదా. పిరికి కుక్కకు ఆ పేరు ఎవరు, ఎందుకు పెట్టారు? వెక్కిరింపుకా, ధైర్యం వస్తుందనా? ఆ ఒక్క ముక్క పడితే పూరణ పూర్తవుతుంది. మళ్లీ ప్రయత్నించండి.

శ్రీశైలం దారి:
నాకు పెంపుడు జంతువుల్లేవు. అమ్మవారి ఇంటికే వెళ్లాను.

తల్లి వచ్చెను కొండకు దనయు జూడ
నెమలి బసవన్న పాములు నెయ్యమొంది
పగలు మరచిన కైలాస పర్వతమున
సింహమును జూచి యెలుకలు చిందులాడె.

ఛందోభటుడు:
రెండో పాదం ముచ్చటగా ఉంది. ఒక్క సందేహం. వినాయకుడి వాహనం ఒక్క ఎలుకే కదా. "ఎలుకలు" అన్న బహువచనానికి సమాధానం?

శ్రీశైలం దారి:
యజమానికి ప్రమథగణాలుంటే వాహనానికి బంధుగణం ఉండదా ఆర్యా?

నిర్వాహకుడు:
జవాబు పద్యం కన్నా బాగుంది. శైలి నిర్దుష్టం, ధార ఉంది. షరతు మాత్రం దాటిపోయింది. ఇందులో సింహం సింహమే, పేరు కాదు. వాహనాల ఊసెత్తారు కాబట్టి ఒక మాట. మన కథల్లో జంతువుల పేర్లు బాగానే నిలిచాయి. ఇంద్రుడి కుక్క సరమ పేరు ఋగ్వేదంలోనే ఉంది. భారతం ఆదిపర్వంలో ఆమె కొడుకును జనమేజయుడి తమ్ముళ్లు కొట్టినందుకు ఆమె నేరుగా రాజునే నిలదీస్తుంది. పల్నాటి కథలో బ్రహ్మనాయుడి కోడి చిట్టిమల్లు. ఆ పందెంలో ఉన్న మనుషుల పేర్లు మరిచినవాళ్లు కూడా కోడి పేరు చెబుతారు. మరి ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిన కుక్కకు పేరే లేదు. అన్నాళ్లు వెంట నడిచినా ఎవరూ ఏమని పిలవలేదు.

తెలుగోడు, డాలస్:
పొట్టి పేరే నిలుస్తుంది మాస్టారూ. 1957 నవంబరు 3న రష్యావాళ్లు స్పుత్నిక్-2లో పంపిన కుక్కకు మొదట కుద్ర్యావ్కా అని పేరు. లోకానికి గుర్తున్నది లైకా. రెండక్షరాలు.

కృష్ణలంక:
పిలవడానికీ అదే మేలు. కుక్కలకు తర్ఫీదు ఇచ్చేవాళ్లు కూడా ఒకటి రెండు అక్షరాల పేరే పెట్టమంటారు. రోజూ ఇచ్చే ఆజ్ఞలా వినిపించకూడదంటారు. మా కుక్క రాజా. "రా" అన్నా వస్తుంది, "రాజా" అన్నా వస్తుంది, పక్కింటి రాజారావు గారిని ఎవరైనా పిలిచినా గేటు దాకా వెళ్తుంది. ఇక నా పూరణ. షరతును కొంచెం వంచాను.

పేరు పెట్టగ దోచక విసుగుకొనుచు
బెంచు పిల్లిని సంచిలో బెట్టి యూరి
బయట విడిచి తా నింటికి వచ్చిన నర
సింహమును జూచి యెలుకలు చిందులాడె.

మూసీగట్టు:
శభాష్! సింహం కాస్తా ఇంటాయన అయిపోయిండు.

ఛందోభటుడు:
పదవిరుపు అద్భుతం. మొదటి పాదంలో "పే - వి" యతి చూసి ఒక్క క్షణం ఆగాను. ప ఫ బ భ లతో వకారానికి మైత్రి ఉంది కాబట్టి ఒప్పు. మూడో పాదంలో "బ - వ" కూడా అదే.

నిర్వాహకుడు:
విరుపు మన అవధానుల పాత ఆయుధం. ఇక్కడ పదును తగ్గలేదు. "నర" మీద పాదం ఆగిపోగానే సింహం ఎక్కడినుంచి వస్తుందో పాఠకుడు పట్టుకోలేడు. షరతును వంచారంటున్నారు, నాకలా అనిపించలేదు. పేరు దొరక్కపోవడమే ఇక్కడ కథ. పేరున్న జంతువునైతే సంచిలో పెట్టడానికి చెయ్యి రాదు. ఒకటి మాత్రం గుర్తుచేస్తాను, పద్యంలోని నరసింహం గారు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం చేశారు. పెంపుడు జంతువును అలా వదిలేయడం శిక్షార్హం. పద్యంలో కాబట్టి క్షమించాం.

వేపచెట్టు:
అందరికీ నమస్కారమండీ. మా పిల్లి పుణ్యమా అని ఇన్ని పద్యాలు. మీరు అనుకున్నట్టు సింహం అన్న పేరు మా ఇంట్లో కూడా ఒకరోజు నడిచింది. వీధిలోకి వెళ్లి "సింహం, సింహం" అని పిలవడానికి మా వారికి సిగ్గేసింది. అదీగాక పక్కింటివాళ్ల బుల్లి కుక్క పేరు ఇప్పటికే సింహం. మా కూన ఒంటి మీద చారలు అచ్చం బుడమకాయ చారలు. అత్తగారు ఒరుగులకని కాయలు కోస్తుంటే ఆ పళ్లెం పక్కనే వచ్చి కూర్చుంది. "ఇదిగో, ఇదొకటి తరగడం మర్చిపోయాను" అన్నారావిడ. అప్పటినుంచీ బుడమే. 2019లో జపాన్ పరిశోధకులు పిల్లులు తమ పేరును మిగతా మాటల నుంచి వేరుగా గుర్తుపడతాయని చూపించారు. మా బుడమ కూడా గుర్తుపడుతుంది, చెవి ఒక్కటి ఇటు తిప్పుతుంది. రావడమన్నది దాని ఇష్టం.

బుడమకాయ చారల పిల్లి బుడమ బెదర
చెట్టు నెక్కగ దరిమెడు చిట్టి కుక్క
పక్కయింటిది, పేరులో పస గలిగిన
సింహమును జూచి యెలుకలు చిందులాడె.

మూసీగట్టు:
నా పద్యం వెనక్కి పోయిందమ్మా. ఒప్పుకుంటున్న.

నిర్వాహకుడు:
రెండు జంతువులు, రెండు పేర్లు. బుడమకు పేరెందుకొచ్చిందో మొదటి పాదం చూపించింది. సింహానికి ఎందుకొచ్చిందో చెప్పకుండానే "చిట్టి కుక్క", "పేరులో పస" అని రెండు ముక్కలతో గాలి తీశారు. అన్నిటికన్నా ఎలుకల సంతోషానికి మీరు చెప్పిన కారణం కొత్తది. మిగతావాళ్లలో ఎక్కువమంది సింహాన్ని సోమరినో పిరికినో చేశారు. మీ సింహం పని చేస్తోంది, ఆ పని ఎలుకలకు లాభం. తమ శత్రువును తరిమేవాణ్ణి చూసి ఎవరైనా చిందులేస్తారు. ఈ వారానికి ఇదే ఉత్తమ పూరణ.

ఛందోభటుడు:
అభినందనలు. చిన్న సవరణ. "బెదరన్" ద్రుతాంతం (చివర నకారమున్న మాట), దాని తర్వాత చకారం జకారమవుతుంది కాబట్టి రెండో పాదం "జెట్టు నెక్కగ" అని మొదలవ్వాలి. "జె - చి" యతికి ఇబ్బంది లేదు.

వేపచెట్టు:
సవరించానండీ. అబ్బాయి మాత్రం ఇంకా ఆస్కార్ అనే పిలుస్తున్నాడు. దానికీ చెవి తిప్పుతోంది, కాబట్టి పరిశోధన సంగతి నాకు అనుమానమే.

నిర్వాహకుడు:
ఆదివారం రాత్రి దాకా పూరణలు పంపవచ్చు. కొత్త కలం గారి సవరించిన పద్యం కోసం చూస్తుంటాను. వచ్చేవారం కందం, ప్రాసకు ద్విత్వాక్షరం ఇవ్వబోతున్నాను.