సమస్య: "చెట్టు నెక్కలేక చేరె మిన్ను"

అక్షరతోట (మోడరేటర్):
ఈ వారం పాదం ఇదే, దీన్ని చివరి పాదంగా పెట్టి మిగతా మూడూ పూరించాలి. సారసాల జంట ఒకటి చిత్తడి నేలలో నాలుగడుగులు పరుగెత్తి గాల్లోకి లేచే వీడియో చూశాను. పక్కనే మహావృక్షం ఉంది. రెండూ దాన్ని కన్నెత్తి కూడా చూడలేదు. వీడియో అయిపోయేసరికి పాదం నోట్లో ఉంది. వస్తువు సారసాలు, వాటి జాతి పక్షులు (ఇంగ్లీషులో క్రేన్లు). కొంగలు కావు. ఆ తేడా పూరణలో కనిపించాలి.

పాతపాళీ:
కొలను గట్టు మీద కొంగయే జపమున
మెడను మడిచి యెగిరె మెల్లగాను
చేప నోట గరచి చేరువ చెట్టున్న
చెట్టు నెక్కలేక చేరె మిన్ను

రెల్లుపువ్వు:
పాతపాళీ గారూ, నడక బాగుంది, యతులన్నీ (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కలవాల్సిన అక్షరాలు) కుదిరాయి. పక్షే మారిపోయింది. మెడ మడుచుకుని ఎగిరేది కొంగ. సారసం మెడను ముందుకూ కాళ్లను వెనక్కీ చాచి బాణంలా పోతుంది. గట్టు మీద కదలకుండా చేప కోసం కాచుకునేదీ కొంగే. సారసం నడుస్తూ తింటుంది: గింజలు, దుంపలు, పురుగులు, కప్పలు. అన్నిటికంటే పెద్ద చిక్కు, కొంగ చెట్టెక్కుతుంది. గుంపులుగా గూళ్లు కట్టేది చెట్ల మీదే. మీ పద్యంలోని పక్షికి చెట్టు ఎందుకు చేతకాలేదో పద్యమే చెప్పాలి కదా.

పాతపాళీ:
జనం అన్నిటినీ కొంగలే అంటారు. కవి జనం మాట వాడితే తప్పేముంది?

రెల్లుపువ్వు:
మాట వాడండి, నాకేం అభ్యంతరం లేదు. మెడ మాత్రం మడవకండి.

చిగురాకు:
నాది.

వెనుక వేలు పొట్టి, వేలాడు మడమపై
కొమ్మ పట్టు వడదు కుదురు లేదు
రెండు మూరలున్న రెక్కల సారసం
చెట్టు నెక్కలేక చేరె మిన్ను

అక్షరతోట:
ఆహా! చెట్టు ఎందుకు ఎక్కలేదో మొదటి పాదంలోనే తేల్చేశారు. కొమ్మను బిగించి పట్టాలంటే వెనక వేలు ముందు వేళ్లకు ఎదురుగా వచ్చి ముడి వేయాలి. సారసాలకు ఆ వేలు చిన్నది, నేలకు తగలనంత పైన ఉంటుంది. నడకకు హాయి, కొమ్మకు పనికిరాదు. నాకు కావలసిన మెలిక ఇదే.

గణగణ:
మెలిక సరే, కొలత చూడండి. రెక్కలు రెండు మూరలా? మూర అంటే సుమారు 45 సెంటీమీటర్లు. సారసం రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు 2.4 మీటర్లు, అంటే ఐదు మూరలు దాటింది. నిలబడితే దాదాపు 1.8 మీటర్లు, ఎగిరే పక్షుల్లో అంత పొడవైనది ఇంకోటి లేదు. దాన్ని మీరు కాకిని చేసేశారు.

చిగురాకు:
"ఐదు" అని పెడితే "రెక్కల"తో యతి చెడుతుంది మాస్టారూ. ఒక్కో రెక్క రెండు మూరల పైనే కదా అనుకుని రాశాను.

గణగణ:
ఆ అనుకున్నది పద్యంలో లేదు. దాన్నే చెప్పేయండి: "రెండు మూరలొక్క రెక్కగా బెగ్గురు". యతి నిలుస్తుంది, లెక్క దగ్గరికొస్తుంది. "సారసం" అని సున్నాతో ముగించడం కూడా నా చెవికి గుచ్చుకుంది. బెగ్గురు అని మనకు చక్కటి మాట ఉండగా ఎవరూ వాడరెందుకో.

చిగురాకు:
తీసుకున్నాను. ఆ పాదం ఇక మీదే.

రెల్లుపువ్వు:
నేలమీద గూడు, నీటిలో నిద్దుర
నక్క రాదు దరికి నక్కి నక్కి
చెమ్మనేల బిడ్డ సిగ్గేల పడునమ్మ
చెట్టు నెక్కలేక చేరె మిన్ను

కడలితరగ:
"నక్క రాదు దరికి నక్కి నక్కి"! పొద్దున్నుంచి పదిసార్లు పైకి చదివాను. నిజం కూడా అదే. రాత్రుళ్లు లోతు తక్కువ నీళ్లలో నిలబడి నిద్రపోతాయి. నక్క అడుగు వేస్తే నీరు చప్పుడు చేస్తుంది. గూడూ అంతే, రెల్లూ గడ్డీ పోగేసిన తిన్నె, చుట్టూ కందకంలా నీళ్లు. మామూలుగా రెండు గుడ్లు, తల్లీ తండ్రీ వంతులవారీగా పొదుగుతాయి.

పాతపాళీ:
"నీటిలో నిద్దుర" అంటే నాకు బాతు తేలుతున్నట్టు కనిపించింది. "నిలబడి" అన్న మాట లేదు. పక్షి శాస్త్రం నాకు పాఠం చెప్పిన రెల్లుపువ్వు గారే కిందటిసారి "క్రౌంచము" పూరణలో ఏం రాశారో అందరికీ గుర్తుందా? జత పోయిందని రెండో సారసం తిండి మాని ప్రాణం విడిచింది! సారసాలు ఏళ్ల తరబడి ఒకే జతతో ఉంటాయి, నిజమే. జత పోతే ఇంకో జత కట్టుకున్నవీ ఉన్నాయి. అప్పుడు ఆ పద్యానికి అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు, నేనొక్కడినే అడిగాను.

రెల్లుపువ్వు:
ఆ మాట ఒప్పుకుంటాను. అప్పుడు మీరన్నది సబబే, నేను బదులివ్వలేదు. జనం నమ్మకాన్ని నిజంగా రాసేశాను. అయినా మీ మెడ మడత ఇంకా విప్పలేదు.

కడలితరగ:
పాత లెక్కలు తర్వాత తేల్చుకోండి. నా పూరణ చూడండి.

జంట గొంతు కలిపి చాటెను తమనేల
ఎగిరి దుమికి తలల నెత్తి యాడె
ఎర్ర తలల ప్రేమ యేటేట కొత్తదై
చెట్టు నెక్కలేక చేరె మిన్ను

పాతపాళీ:
మూడో పాదంలో "తలల ప్రేమ". జోడక్షరం "ప్రే" ముందున్న "ల" గురువు (రెండు మాత్రల అక్షరం) కాదా? గణం (గురులఘువుల లెక్క) పోయింది.

గణగణ:
పోలేదు. అది సమాసం కాదు, విడి మాట. ఊది పలకనక్కర్లేదు, లఘువే (ఒక్క మాత్రే). నాకు నచ్చినది మొదటి పాదం. ఆ జంట పిలుపు పాట కాదు, "ఈ నేల మాది" అనే చాటింపు. మగది ఒకసారి కూస్తే ఆడది రెండుసార్లు కూస్తుంది. చాలా జాతుల్లో శ్వాసనాళం రొమ్ము ఎముక లోపలికి వెళ్లి చుట్టలు తిరుగుతుంది, అందుకే బూర ఊదినట్టు అంత దూరం వినిపిస్తుంది. కానీ తమ్ముడూ, మూడు పాదాలు నేల మీద ఆడించి నాలుగో పాదంలో ఉన్నట్టుండి చెట్టు తెచ్చారు. ఆటకూ చెట్టుకూ లంకె లేదు.

కడలితరగ:
అవునండీ, అక్కడే ఆగిపోయాను. లంకె దొరకలేదు.

చిగురాకు:
ఒక సందేహం. ఆఫ్రికాలోని కిరీటపు సారసాలు చెట్ల మీద వాలుతాయి. వాటికి వెనక వేలు పొడవు. మరి పాదం అబద్ధం కాదా?

అక్షరతోట:
మొత్తం 15 జాతుల్లో ఆ రెండే అలాంటివి. వాటి మీద పూరణ రాసేవాళ్లు "ఎక్కలేక"ను ఎలా ఒప్పిస్తారో చూడాలని నాకూ ఉంది.

నీలిమబ్బు:
ఆలస్యంగా వచ్చాను. సైబీరియా సారసం మీద రాయాలనుకున్నాను, ఆ పేరు ఏ సూర్యగణంలోనూ (మూడు మాత్రల గణం) ఇమడలేదు.

తెల్లరెక్క చివర నల్లంచు దాచిన
దూరదేశపు పక్షి తోడు వెదకి
వచ్చు దారి మరచె వలసలే ముగిసెను
చెట్టు నెక్కలేక చేరె మిన్ను

రెల్లుపువ్వు:
"చేరె మిన్ను"ను ఇలా తిప్పుతారని అనుకోలేదు. మేమందరం ఎగరేశాం, మీరు సాగనంపారు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో ఆ పక్షులను చివరిసారి చూసింది 2002లో. అంతకుముందు ప్రతి శీతకాలం సైబీరియా నుంచి అఫ్గానిస్తాన్ మీదుగా వచ్చేవి. దారిలో వేటకు బలైనవి బలైపోగా గుంపు ఏటేటా చిన్నదై ఆగిపోయింది. తూర్పు గుంపు మాత్రం ఇప్పటికీ చైనాలోని పోయాంగ్ సరస్సుకు దిగుతోంది. ఆ నల్లంచు సంగతి కూడా ఎంత నిజం! నిలబడితే తెల్లటి పక్షి, రెక్క విప్పితేనే నలుపు కనిపిస్తుంది.

పాతపాళీ:
ఈసారి రెల్లుపువ్వు గారితో నాకు తగువు లేదు. ఈ వారం ఇదే నా ఓటు. రెండో పాదంలో "దేశపు"లోని ఆ "పు" ఒక్కటి తీసేయండి, గణం అక్కడ జారింది.

నీలిమబ్బు:
తీసేశాను. "దూరదేశపక్షి తోడు వెదకి."